కోనసీమలో రాంచ్ హార్స్ పోటీల క్లబ్బు: చేరొచ్చా, పిల్లల్ని పంపొచ్చా?

మన డెల్టాలో గుర్రాల పోటీ అంటే ఎవరైనా అడిగే మొదటి మాట "పందెం ఎంతండీ?" అని. అందుకే ముందే చెప్పేస్తున్నా, ఇక్కడ పందెం లేదు, పరుగు లేదు, ఎవరు ముందొచ్చారన్న లెక్కే లేదు. కోనసీమలో కొబ్బరితోట మధ్య నడుస్తున్న ఈ క్లబ్బులో మా అమ్మాయి, నేను ఇద్దరం సభ్యులం. ఈ సీజన్ పోటీల్లో ఇద్దరం దిగాం కూడా, కాబట్టి ఇది గేటు దగ్గర నిలబడి చూసి రాస్తున్న రివ్యూ కాదు. చేరదామనుకునేవాళ్ళకి, పిల్లల్ని పంపాలా వద్దా అని తేల్చుకోలేకపోతున్నవాళ్ళకి, ఫాంహౌస్‌లో సొంత గుర్రం పెట్టుకుని దాంతో ఏం చేయాలో తోచనివాళ్ళకి పనికొస్తుందని కాస్త వివరంగానే రాస్తున్నా. ఒక్క ముక్కలో కావాలంటే, చేరండి. కానీ కొన్ని విషయాలు ముందే అడిగి చేరండి, అవేంటో కింద ఉన్నాయి.

రాంచ్ హార్స్ అంటే అమెరికాలో పశువుల మందల దగ్గర పనిచేసే గుర్రం. మందను తోలాలి, తప్పించుకున్న దూడను మళ్ళించాలి, మీద ఉన్న మనిషి కిందకి దిగకుండానే గేటు తీసి మళ్ళీ వేయనివ్వాలి, తాడు కట్టిన దుంగను లాక్కురావాలి, ఇన్నీ చేసి సాయంత్రానికి కూడా చిరాకుపడకుండా ఉండాలి. ఆ రోజువారీ పనుల్నే పోటీగా మార్చుకుని అక్కడ ప్రాంతాలవారీగా క్లబ్బులు నడుపుతున్నారు. ఎక్కువగా కనిపించేది క్వార్టర్ హార్స్ జాతి, ఆ జాతి గుర్రాల సంఘం 1940లో టెక్సాస్‌లోని ఫోర్ట్‌వర్త్‌లో మొదలైంది. వాళ్ళ రూల్సులో నాకు బాగా నచ్చిన విషయం ఒకటుంది: రాంచ్ క్లాసుల్లో గుర్రం గిట్టలకి పాలిష్ పూయకూడదు, జూలు జడలు అల్లకూడదు, తోకకి సవరం పెట్టకూడదు, జీనుకి వెండి హంగులు వద్దనే చెబుతారు. గుర్రం ఎంత అందంగా ముస్తాబైందన్నది కాదు, పనికి ఎంత నమ్మకంగా ఉందన్నదే చూస్తారు. మా క్లబ్బు ఆ రూల్సునే తీసుకుని మన నేలకి తగ్గట్టు మార్చుకుంది. అక్కడి సంఘంతో దీనికి ఏ సంబంధమూ లేదు, అనుబంధ సర్టిఫికెట్ ఏదో వస్తుందనుకుని చేరొద్దు.

ఇక్కడ మూడు క్లాసులే పెడుతున్నారు. ఒకటి రాంచ్ రైడింగ్, అంటే ముందే ఇచ్చిన ప్యాటర్న్ ప్రకారం నడక, ట్రాట్ (నడక కన్నా కాస్త వేగం), లోప్ (నిదానమైన దౌడు), ఆపడం, వెనక్కి నడిపించడం, తిప్పడం. రెండోది రాంచ్ ట్రెయిల్, అడ్డంకుల మీదుగా, మధ్యగా వెళ్ళడం. మూడోది చిన్నపిల్లలకి, గుర్రం ఎక్కకుండా తాడు పట్టుకుని నడిపించే క్లాసు. ఆవుల్ని మళ్ళించే క్లాసు పెట్టలేదు, దీని మీద కొంతమంది కుర్రాళ్ళు గొడవ కూడా చేశారు. నా ఉద్దేశంలో పెట్టకపోవడమే సరైన పని. అక్కడి పశువులు బయళ్ళలో తిరుగుతూ గుర్రాల్ని చూస్తూ పెరిగినవి, మన పశువులు పాకలో కట్టేసి ఉండేవి, వాటి మీదకి గుర్రాన్ని తోలితే బెదిరి కాళ్ళు విరగ్గొట్టుకుంటాయి, పైగా పాడి ఇచ్చే గేదెని ఆటకోసం పరిగెత్తించడం ఏ రైతుకీ నచ్చదు.

మార్కుల పద్ధతి కొత్తవాళ్ళకి మొదట అర్థం కాదు. ప్రతి ఒక్కరూ 70తో మొదలవుతారు. ఒక్కో విన్యాసానికి జడ్జి సున్నా పెడితే ఫర్వాలేదు, సరిగ్గా చేశారని అర్థం, బాగా చేస్తే ఒకటిన్నర దాకా కలుపుతారు, బాగోకపోతే ఒకటిన్నర దాకా తీసేస్తారు. తప్పులకి వేరేగా కోత. మా క్లబ్బు షీటు ప్రకారం దుంగకి గిట్ట కాస్త తగిలితే అర పాయింటు, తొక్కితే ఒకటి, చేతిలోంచి గేటు జారిపోతే ఏకంగా 5. అంటే చివరికి 70 వచ్చిందంటే సగటు మనిషి అని కాదు, తడబడకుండా చక్కగా చేసుకొచ్చారని. మా అమ్మాయికి 68 వచ్చినప్పుడు వాళ్ళ నాన్న "వందకి 68 ఏంటే, ఫస్ట్ క్లాసు వచ్చిందన్నమాట" అని మురిసిపోయారు, ఆయనకి ఇదంతా విడమరిచి చెప్పేసరికి భోజనాల వేళయింది.

ఈ క్లబ్బులో నాకు అన్నిటికన్నా నచ్చింది ట్రెయిల్ కోర్సు. అమెరికా వీడియోల్లో ఉన్నవి ఉన్నట్టు దింపేయకుండా, మన దగ్గర గుర్రమెక్కి గట్టు మీదకి వెళ్తే నిజంగా ఏం ఎదురవుతాయో అవి పెట్టారు. పంట కాలువ మీద ఉండేలాంటి చెక్క వంతెన ఒకటి, గిట్ట పడగానే డొల్లగా మోగుతుంది. ధాన్యం ఆరబోసే నీలం టార్పాలిన్ పరిచి దాని మీదుగా నడవమంటారు. లాగడానికి కొబ్బరి దుంగ. ఒక పక్కన రెండు గేదెల్ని కట్టేసి ఉంచుతారు, వాటిని దాటుకుంటూ నిదానంగా నడవాలి. చివర్లో ఒక నీళ్ళ తొట్టెలో రొయ్యల చెరువుల్లో తిరిగే ఏరేటర్ పెట్టి తిప్పుతారు. ఆ తెడ్లు నీళ్ళని కొట్టే చప్పుడుకి, ఎగిరే తుంపరలకి ఎంత నెమ్మదైన గుర్రమైనా ముందు ఒక అడుగు వెనక్కి వేస్తుంది. భీమవరం, ఉండి వైపు చెరువు గట్ల మీద గుర్రం తోలినవాళ్ళెవరైనా ఈ అడ్డంకి విలువ ఒప్పుకుంటారు.

గేటు గురించి మాత్రం విడిగా చెప్పాలి. చూడ్డానికి అన్నిటిలో తేలిక అదే, చెయ్యడానికి అన్నిటికన్నా కష్టం అదే. గుర్రాన్ని గేటుకి సమాంతరంగా తెచ్చి ఆపాలి, మన మోకాలు గడియకి ఎదురుగా రావాలి. ఎడమ చేత్తో పగ్గాలు, కుడిచెయ్యి గడియ మీద. గడియ తీసి గేటుని తోస్తూ గుర్రాన్ని ఆ సందులోంచి ముందుకి నడిపించాలి, గేటు చివరి చుట్టూ తిప్పాలి, మళ్ళీ పక్కకి అడుగులు వేయించుకుంటూ గేటుని దగ్గరికి తెచ్చి గడియ పెట్టాలి, ఇదంతా అయ్యేదాకా చెయ్యి గేటు మీంచి తియ్యకూడదు. నాకిచ్చింది గౌరి అనే మార్వాడీ ఆడగుర్రం. చెవుల కొసలు లోపలికి తిరిగి ఒకదానికొకటి తగిలేలా ఉంటాయే, ఆ జాతి. సరిగ్గా నేను గడియ తీసే సమయానికి పక్క చెట్టు మీంచి ఎండు కొబ్బరి మట్ట ఒకటి దబ్బున పడింది. గౌరి చెవులు రెండూ అటు తిరిగాయి, మెడ బిగుసుకుంది, నా కాళ్ళ కింద దాని డొక్కలు ఉలిక్కిపడటం తెలిసింది. అడుగు మాత్రం కదపలేదు. బయట కంచె దగ్గర్నుంచి మాకు స్వారీ నేర్పే మాస్టారు "అమ్మా, చెయ్యి కిందకి, ఇంకా కిందకి, ఊపిరి వదలండి" అన్నారు. నేను ఊపిరి వదిలాను, అదీ వదిలింది, ముక్కుల్లోంచి బుస్సుమని. తర్వాత గేటు వేసి గడియ పెట్టాం. దుంగల దగ్గర గిట్టలు తగిలి మార్కులు పోయాయి, మొత్తం మీద 67 దగ్గర ఆగాం, కానీ ఆ గేటుకి జడ్జి గారు ప్లస్ ఒకటి వేశారు. ఆ షీటు నా దగ్గర ఇంకా ఉంది.

గుర్రం కదలకుండా నిలబడటానికే ఇంత విలువ ఇచ్చే పోటీ మన దగ్గర ఇంకోటి నేను చూడలేదు. అనకాపల్లి వైపు తీర్థాల్లో గుర్రాల పరుగు పోటీలున్నాయి, మనకి సంక్రాంతికి ఎడ్ల పందేలున్నాయి, అవన్నీ వేగం మీద నడిచేవే. ఇక పెళ్ళి ఊరేగింపులకి తెచ్చే తెల్ల గుర్రాలుంటాయి, నుక్రాలు, వాటిని బ్యాండు మేళానికి ఎగరడం నేర్పి పెడతారు. అలా నేర్పిన గుర్రాన్ని ఒకాయన ఈ పోటీకి తెచ్చారు, చాలా ఖరీదైనదట, చూడ్డానికి దేవుడి వాహనంలా ఉంది. కానీ నోట్లో కళ్ళెం బిగించి ఉంచడం అలవాటై, పగ్గం వదులు చేస్తే ఏం చేయాలో దానికి తెలియదు, తల ఎగరేస్తుంది, కాళ్ళు మార్చి మార్చి వేస్తుంది, ఒక్క క్షణం నిలబడదు. వంతెన దగ్గరికే రాలేదు. పాపం అది మొండితనం కాదు, దాన్నెవరూ ఊరికే నిలబడమని ఎప్పుడూ అడగలేదు. క్లబ్బు వాళ్ళు ఆయన్ని నొప్పించకుండా, మైక్‌లో ఏమీ అనకుండా, పక్కకి తీసుకెళ్ళి గుర్రాన్ని కొన్నాళ్ళు ఇక్కడ ఉంచి వెళ్ళమన్నారు. ఇప్పుడు అది మాతో పాటే ఉంది, పొద్దున్నే వెళ్తే తాడు వదులుగా పట్టుకున్న కుర్రాడి పక్కన ప్రశాంతంగా నడుస్తూ కనిపిస్తుంది. ఈ ఒక్క పనికే నేను ఈ క్లబ్బుకి పూర్తి మార్కులు వేస్తాను.

మాది పశువుల దాణా, ఆక్వా మేత వ్యాపారం. అందుకే ఏ శాలకి వెళ్ళినా నా కళ్ళు ముందు తొట్టె మీదకే పోతాయి. మన జిల్లాల్లో రైసు మిల్లు లేని ఊరుండదు, తవుడు చవక, గుర్రానికి తవుడు పెట్టేస్తే సరిపోతుందనుకునేవాళ్ళు చాలామంది. తవుడులో ఫాస్ఫరస్ బాగా ఎక్కువ, కాల్షియం తక్కువ. అదే పనిగా తవుడు మీద పెంచితే ఒంట్లో కాల్షియం సరిపోక గుర్రం తన ఎముకల్లోంచే తీసుకుంటుంది, దవడలు, ముఖం ఎముకలు ఉబ్బి మెత్తబడిపోతాయి, కుంటుతుంది. పైగా మనం పచ్చిగడ్డి అని వేసే నేపియర్ లాంటి వాటిలో ఆక్సలేట్లు ఉంటాయి, అవి ఉన్న కాస్త కాల్షియాన్నీ పట్టేసుకుంటాయి. ఇక్కడ తవుడు కొలిచి కొంచెమే వేస్తున్నారు, జొన్న చొప్ప, రకరకాల గడ్డి కలిపి పెడుతున్నారు, నానబెట్టిన ఉలవలు, సున్నపురాయి పొడి, ఉప్పు గడ్డ విడిగా ఉన్నాయి. ఏ గుర్రానికి ఎంత అన్నది తలుపు మీద సుద్దముక్కతో రాసి ఉంటుంది. నేను ఎవరికీ చెప్పకుండా పొద్దున మేత వేళకి వెళ్ళి చూశాను, రాసిందే పెడుతున్నారు.

తడి మన డెల్టాలో గుర్రానికి పెద్ద శత్రువు. ఒండ్రు నేల, వానొస్తే రోజుల తరబడి ఆరదు, శాలలో తడి నిలిస్తే గిట్ట అడుగున మెత్తటి భాగం పక్క గాడుల్లో కుళ్ళు పడుతుంది. కొక్కెంతో గిట్ట గీస్తే నల్లటి జిగురు వచ్చి భరించలేని వాసన వేస్తుంది. మా అమ్మాయికి మాస్టారు మొట్టమొదట నేర్పింది స్వారీ కాదు, ఇదే. గుర్రం కాలు ఒళ్ళో పెట్టుకుని, మడమ వైపు నుంచి ముందుకి గీస్తూ మట్టి తీయడం, తీశాక ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడటం. ఇంట్లో మంచం మీద దుప్పటి మడవని పిల్ల అక్కడ రోజూ నాలుగు గిట్టలూ గీసి వాసన చూస్తుంది. శాల అడుగు ఎత్తు చేసి లంక ఇసక పోశారు, పక్కన కాలువ తవ్వి నీళ్ళు పోయేలా చేశారు. ఇసక మీద మేత పెడితే దాంతో పాటు ఇసక కూడా మింగి కడుపునొప్పి వస్తుందని మేత మాత్రం సిమెంటు తొట్టెల్లోనే. సాయంత్రం వేపాకు పొగ వేస్తారు, జోరీగల కోసం, ఎందుకంటే సర్రా జబ్బు వాటి కాట్ల వల్లే ఒక జంతువు నుంచి ఇంకోదానికి పోతుంది, చుట్టుపక్కల గేదెలున్న చోట ఇది చిన్న విషయం కాదు. పోటీకి బయటి గుర్రం వస్తే గ్లాండర్స్ పరీక్ష రిపోర్టు చూడందే లోపలికి రానివ్వరు, ఆ రోజు ఒక వ్యానుని వెనక్కి పంపేశారు కూడా. తెచ్చినాయన గొంతు చించుకున్నాడు, వీళ్ళు కదల్లేదు. గ్లాండర్స్ మనుషులకీ సోకే జబ్బు, అందుకే వాళ్ళు గట్టిగా నిలబడటం నాకు సంతోషమేసింది.

క్లబ్బులో ఉన్న గుర్రాలు సగం మార్వాడీ, కథియావాడీ, మిగతావి రేసుల నుంచి రిటైరైన థరోబ్రెడ్‌లు. రేసు గుర్రాల జీవితం చిన్న వయసులోనే అయిపోతుంది, తర్వాత వాటికి ఇలాంటి ఇంకో పని దొరకడం మంచిదే. కాకపోతే మన ఉక్క వాటికి పడదు. కొన్ని గుర్రాలకి ఇలాంటి వేడి, తేమ వాతావరణంలో చెమట పట్టడమే ఆగిపోతుంది, ఒళ్ళు పొడిగా ఉండి ఊపిరి మాత్రం కొలిమి తిత్తిలా ఆడుతుంది, గమనించకపోతే ప్రాణాల మీదకొస్తుంది. ఇక్కడ అలాంటిది ఒకటుంది, దాన్ని ఫిబ్రవరి దాటాక పోటీలకి ఇవ్వరు, ఎండాకాలమంతా ఫ్యాను కింద, తడిపిన గోనెలతో గడుపుతుంది. క్లాసులు కూడా తెల్లవారుజామునే. బద్ధకం ఉన్నవాళ్ళకి ఈ క్లబ్బు కుదరదు.

2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో సుదీప్తి హజేలా, దివ్యకృతి సింగ్, హృదయ్ ఛేడా, అనూష్ అగర్వాలా కలిసి డ్రస్సాజ్‌లో, అంటే గుర్రంతో లెక్క ప్రకారం విన్యాసాలు చేయించే పోటీలో, టీమ్ స్వర్ణం గెలిచారు, 1982 ఢిల్లీ తర్వాత గుర్రపు స్వారీలో మనకి స్వర్ణం రావడం అదే. అది టీవీలో చూశాకే మా అమ్మాయి గుర్రం గుర్రం అని పట్టుకుంది. అంతకు ముందు దానికి తెలిసిన గుర్రమల్లా ఊరి సెంటర్లో కాటన్ దొర విగ్రహం కింద ఉన్నదే. డ్రస్సాజ్ గొప్ప విద్యే, కానీ ఆ స్థాయికి వెళ్ళాలంటే ఏళ్ళ తరబడి యూరప్‌లో ఉండి నేర్చుకోవాలి, గుర్రం ఖరీదే మనలాంటివాళ్ళకి అందదు. రాంచ్ పోటీలో మామూలు గుర్రంతో, మామూలు జీనుతో, ముప్పై దాటాక మొదలుపెట్టిన మనిషి కూడా గౌరవంగా నిలబడొచ్చు. నాతో పాటు ట్రెయిల్ చేసినవాళ్ళలో ఒక రిటైరైన లెక్కల టీచరు గారున్నారు, ఒక కొబ్బరి వర్తకుడున్నాడు, ఇద్దరు ఇంజనీరింగ్ కుర్రాళ్ళున్నారు. టీచరు గారి గుర్రం టార్పాలిన్ మీద కాలు పెట్టడానికి ముందు ముక్కుతో దాన్ని అంచు నుంచి అంచు దాకా వాసన చూసింది, ఆయన తొందరపెట్టకుండా అలాగే కూర్చున్నారు, చివరికి అది దానంతట అదే నడిచి వెళ్ళింది. కంచె చుట్టూ ఉన్న జనం, అప్పటిదాకా "ఎవరు గెలిచారు, ఎప్పుడు పరిగెత్తుతాయి" అని విసుగ్గా అడుగుతున్నవాళ్ళు, చప్పట్లు కొట్టారు.

ఇప్పుడు బాగోలేనివి.

టైము. 6:30కి మొదలన్నారు, మొదటి గుర్రం రింగులోకి వెళ్ళేసరికి 8:30 దాటింది. కారణం ఎవరో ముఖ్య అతిథి రావాలట. మనుషులు ఆగొచ్చు, షామియానా కింద కుర్చీలున్నాయి, కాఫీ ఉంది. జీను బిగించిన గుర్రాలు ఎండలో ఎందుకు ఆగాలి? సంక్రాంతి దాటిన రోజుల్లో కూడా తొమ్మిది గంటలకి మన ఎండ ఎలా ఉంటుందో తెలిసిందే. గుర్రాల గురించి ఇంత శ్రద్ధ తీసుకునే క్లబ్బు ఈ ఒక్క విషయంలో అందరిలాగే చేసింది, ఇది నాకు నిజంగా కోపం తెప్పించింది, అక్కడే చెప్పాను కూడా. జీన్లు విప్పించి నీడలోకి తీసుకెళ్ళారు కానీ, చెబితే గానీ చేయలేదు.

స్కోరు షీట్లు అడిగితే గానీ ఇవ్వలేదు. ఏ అడ్డంకి దగ్గర ఎంత పోయిందో తెలియకపోతే నేర్చుకునేది ఏముంటుంది? ఒకరిద్దరం గట్టిగా అడిగాక మధ్యాహ్నం బోర్డు మీద అందరివీ అంటించారు, పిల్లలంతా దాని చుట్టూ మూగిపోయారు. ఇకముందు ప్రతి క్లాసు అవ్వగానే అంటిస్తామన్నారు.

వెస్టర్న్ జీన్లు, అదే ముందు కొమ్ము ఉండేవి, రెండే ఉన్నాయి, రెండూ పెద్ద సైజు. మిగతావి కాన్పూర్‌లో తయారైన మామూలు ఇంగ్లీషు జీన్లు, నాణ్యమైనవే. దుంగ లాగే అడ్డంకిలో తాడుని ఆ కొమ్ముకి చుట్టాలి కాబట్టి అందరూ ఆ రెండు జీన్ల కోసమే కాచుకోవాల్సి వచ్చింది, ఒక గుర్రం మీంచి విప్పి ఇంకో దానికి కట్టడం, అది సరిపోక వీపు దగ్గర దుప్పటి మడతలు సర్దడం, ఇదంతా టెన్షన్. ఒకరికి సరిపోయిన జీను ఇంకో గుర్రం వీపుకి సరిపోదు, పుండు పడుతుంది. ఇంకో రెండు కొనండి, లేకపోతే దుంగ అడ్డంకిని కాలినడకన లాగేలా మార్చండి.

డబ్బు సంగతి. పోటీ ఎంట్రీ క్లాసుకి 500 రూపాయలు అని చెప్పారు, క్లబ్బు గుర్రం వాడుకుంటే ఇంకో 1,000 అన్నది మాత్రం ముందు రోజు సాయంత్రం తెలిసింది. గుర్రాన్ని పోషించే ఖర్చు నాకు తెలుసు కాబట్టి ఆ వెయ్యి ఎక్కువ కాదంటాను, ముందే చెప్పాల్సింది. ఇద్దరు పిల్లల్ని తెచ్చిన ఒక తల్లి లెక్క కుదరక ఒక్కరినే దింపారు, చూసి బాధేసింది. మీరు చేరేటప్పుడు నెల ఫీజు, పోటీ ఫీజు, గుర్రం అద్దె, హెల్మెట్ అద్దె, నాలుగూ విడివిడిగా కాగితం మీద రాయించుకోండి.

హెల్మెట్ విషయంలో మాత్రం క్లబ్బుని మెచ్చుకోవాలి. అమెరికాలో చాలామంది టోపీతోనే దిగుతారు, ఇక్కడ హెల్మెట్ లేకుండా గుర్రం దగ్గరికి కూడా రానివ్వరు, బైకు హెల్మెట్ ఒప్పుకోరు. మీరు సొంతంగా కొనుక్కుంటే లోపల ఏఎస్‌టీఎం ఎఫ్ 1163 లాంటి గుర్రపు స్వారీ ప్రమాణం ముద్ర ఉందో లేదో చూసుకోండి, ఆన్‌లైన్‌లో అందంగా కనిపించేవి అన్నీ అవి కావు. మడమ ఉన్న బూట్లు తప్పనిసరి, చదును చెప్పులకి పాదం రికాబులోంచి అవతలికి జారి ఇరుక్కుంటుంది, గుర్రం బెదిరితే ఈడ్చుకుపోతుంది. టీటీ ఇంజెక్షన్ వేయించుకుని వెళ్ళండి. ఫస్ట్ ఎయిడ్ తెలిసిన ఒక నర్సమ్మ రోజంతా ఉన్నారు, కానీ అంబులెన్స్ లేదు. రోడ్డు నుంచి తోటలోకి వచ్చే దారి ఇరుకు, ఆ దారికి అడ్డంగా కార్లు. ఏదైనా జరిగితే ఎలా బయటికి తీసుకెళ్తారు? ఈ ప్రశ్న చేరేముందు ప్రతి ఒక్కరూ అడగాలి, పదిమంది అడిగితే మారుతుంది.

పిల్లల్ని పంపేవాళ్ళకి ఇంకో మాట. ఎనిమిదేళ్ళ లోపు పిల్లల్ని ఎక్కించరు, నడిపించే క్లాసులోనే ఉంచుతారు, దానికి అలగకండి. ఆ క్లాసులో ఒక చిన్న పిల్లాడు తనకన్నా మూడింతలున్న గుర్రాన్ని వదులు తాడుతో వంతెన దాటించి, ఆపి, వెనక్కి రెండడుగులు వేయించాడు. వాడి భుజాలు చూస్తే తెలిసింది వాడెంత పెద్దవాడైపోయాడో. గెలిచినవాళ్ళకి కప్పులు కాకుండా జీను కింద వేసే దుప్పట్లు, తలతాళ్ళు, గిట్టల బ్రష్‌లు ఇచ్చారు, అన్నీ వాడుకునేవే. అమ్మాయిలు బాగానే వస్తున్నారు, ఈసారి పోటీలో మగపిల్లలతో సమానంగా ఉన్నారు. మాస్టారు, ఆయన దగ్గర పనిచేసే కుర్రాళ్ళు అందరినీ అమ్మా, అక్కా అని మర్యాదగానే పిలుస్తారు, ఒంటరిగా పంపడానికి నాకు భయం లేదు. కానీ బట్టలు మార్చుకోవడానికి గది లేదు. దాణా గది తలుపు వేసుకుని, బస్తాల మధ్య మార్చుకున్నాం. బాత్రూమ్ ఒకటే, అది కూడా తోట అవతల కొసన. ఎదిగిన ఆడపిల్లలున్న తల్లిగా ఇది నేను చిన్న లోటుగా చూడలేను. ఎండాకాలం లోపు రేకుల షెడ్డుతో గది, రెండో బాత్రూమ్ కట్టిస్తామని మాటిచ్చారు, ఇటుకలు దిగడం అయితే మొన్న ఆదివారం చూశాను. కట్టాక ఈ రివ్యూలోనే కింద రాస్తాను, కట్టకపోయినా రాస్తాను.